కొద్ది రోజుల విదేశీ ప్రయాణానికి ఏ వీసా మేలు?

ప్రయాణం అనుకోగానే అందరం ముందు అడిగేది ఒకటే: ఏ వీసా తేలిగ్గా వస్తుంది? నన్నడిగితే అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. అక్కడికెళ్లి ఏం చేస్తారు, మధ్యలో ఆ దేశం దాటి వెళ్లి మళ్లీ వస్తారా? ఈ రెండూ తేల్చుకుంటే, మనకు పనికిరాని వీసాలు సగం వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

ఎక్కువమంది దెబ్బతినేది సింగిల్ ఎంట్రీ (ఒక్కసారే లోపలికి వెళ్లనిచ్చేది), మల్టిపుల్ ఎంట్రీ (ఎన్నిసార్లైనా వెళ్లనిచ్చేది) దగ్గరే. కాబట్టి ముందు ఆ సంగతి.

పారిస్‌లో దిగి నాలుగు రోజులు ఉన్నారు. రైలెక్కి లండన్ వెళ్లి రెండు రోజులు తిరిగారు. తిరుగు విమానం మళ్లీ పారిస్ నుంచే. చేతిలో ఉన్నది సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా (మధ్యలో సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల గుంపుకి కలిపి ఇచ్చే వీసా) అయితే, లండన్ రైలెక్కిన రోజునే దాని పని అయిపోయింది. ఇంకా ఎన్ని రోజులు మిగిలి ఉన్నా లోపలికి రానివ్వరు. లండన్‌కి యూకే వీసా విడిగా తీసుకున్నారుగా అంటే, అది లండన్ వరకే. ఐర్లండ్ కూడా షెంగెన్‌లో లేదు. స్విట్జర్లండ్ కథ దీనికి తలకిందులు: యూరోపియన్ యూనియన్‌లో లేదు గానీ షెంగెన్‌లో ఉంది. జ్యూరిక్ వెళ్లొస్తే ఎంట్రీ ఖర్చు కాదు.

వీసా చేతికి రాగానే స్టిక్కర్‌ని ఒక్క నిమిషం చదవండి. 'ఫ్రమ్', 'అన్‌టిల్' అని రెండు తేదీలుంటాయి. ఆ మధ్యలో ఎప్పుడైనా వెళ్లొచ్చని దానర్థం, అన్నాళ్లూ ఉండొచ్చని కాదు. ఎన్నాళ్లు ఉండొచ్చో 'డ్యూరేషన్ ఆఫ్ స్టే' దగ్గర విడిగా ఉంటుంది. రెండు తేదీల మధ్య ఇరవై ఐదు రోజులుండి, డ్యూరేషన్ దగ్గర 10 అని ఉంటే, ఉండగలిగేది పది రోజులే. మిగతా పదిహేనూ ప్రయాణం కాస్త ముందుకో వెనక్కో జరిగితే సర్దుకోవడానికి. ఈ రెంటినీ కలిపేసి టికెట్ బుక్ చేసేవాళ్లు తక్కువేం కాదు.

సరే, మల్టిపుల్ తీసుకుంటే హాయేనా? రాకపోకల వరకూ హాయే, రోజుల లెక్క మాత్రం వదలదు. షెంగెన్‌లో ఏ 180 రోజులు తీసుకున్నా మొత్తం 90 రోజులు దాటకూడదు. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. ఉదాహరణకు లీపు సంవత్సరం కాని ఏడాదిలో జనవరి 1 నుంచి మార్చి 1 దాకా ఉన్నారు. అరవై రోజులు అయిపోయాయి. మళ్లీ మే 1న వెళ్తే ఎన్నాళ్లు ఉండొచ్చు? వీసా మీద ఇంకా రెండేళ్లున్నా సరే, మే 30కల్లా బయట ఉండాలి. జనవరి రోజులు లెక్కలోంచి జారిపోవడం జూన్ 30న గానీ మొదలవదు. ఈ లెక్క వేళ్లమీద వేయొద్దు. యూరోపియన్ కమిషన్ వెబ్‌సైట్‌లో దీనికోసమే కాలిక్యులేటర్ ఉంది.

ఫీజు సంగతికొస్తే రెండు చోట్లా రెండు తీర్లు. షెంగెన్ స్వల్పకాలిక వీసాకి ఒక్క ఎంట్రీ అయినా, ఎన్ని ఎంట్రీలైనా రేటు ఒకటే, 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. అలాంటప్పుడు మధ్యలో బయటికెళ్లే ఆలోచన ఉంటే టికెట్లు, హోటల్ బుకింగులు చూపించి మల్టిపుల్ అడగడమే నయం. యూకేలో అలా కాదు. ఆరు నెలలది, రెండేళ్లది, ఐదేళ్లది, పదేళ్లది వేర్వేరు ధరలు. పదేళ్లది కొన్నా ఒక్కో విడతకి మామూలుగా ఆరు నెలలకు మించి ఉండనివ్వరు. పైగా పదేళ్లకి డబ్బు కట్టినా తక్కువ కాలానికి ఇచ్చే అధికారం వాళ్లకుంది, తేడా సొమ్ము వెనక్కి రాదు. ఏటా వెళ్లాల్సిన పని ఖాయంగా లేకపోతే ఆరు నెలలదే మేలంటాను.

టూరిస్టా, బిజినెస్సా అన్నది ఇంత చిక్కు కాదు. మీటింగు, కాన్ఫరెన్సు, ఒప్పందం మాట్లాడుకోవడం ఇవన్నీ సాధారణంగా బిజినెస్ విజిట్ కిందికే వస్తాయి. అక్కడి కంపెనీ దగ్గర జీతానికి పనిచేస్తే అది ఉద్యోగం, దానికి విజిట్ వీసా కుదరదు. అమెరికా సాధారణంగా బి1 (బిజినెస్), బి2 (టూరిస్ట్) కలిపే ఇస్తుంది, యూకే స్టాండర్డ్ విజిటర్ వీసాలోనూ రెండూ ఇమిడే ఉన్నాయి. విడివిడిగా ఇచ్చే దేశాల్లోనే జాగ్రత్త కావాలి. టూరిస్ట్ వీసా మీద దిగి, ఆఫీసర్ అడిగితే 'క్లయింట్ మీటింగ్' అని నోరు జారితే టెన్షన్ మామూలుగా ఉండదు.

ఇందులో నలుగుతున్న విషయం ల్యాప్‌టాప్. సెలవు మీద వెళ్లి సాయంత్రం సొంత ఆఫీసు పని చేసుకోవచ్చా? యూకే 2024 జనవరి 31 నుంచి నిబంధనల్లోనే ఒప్పుకుంది, కాకపోతే వచ్చిన అసలు కారణం ఆ పనే కాకూడదు. నెలల తరబడి అలాగే ఆన్‌లైన్లో పనిచేసుకుంటూ ఉండాలనుకునేవాళ్లకి డిజిటల్ నోమాడ్ వీసాలు వేరే ఉన్నాయి. ఎస్తోనియా 2020లో తెచ్చింది, జపాన్ 2024లో ఆరు నెలలకి తెచ్చింది. వీటికి ఆదాయం గట్టిగా చూపించాలి. పది రోజుల ట్రిప్పుకి ఆ బాదరబందీ అక్కర్లేదు.

ఇక వీసా ఆన్ అరైవల్ (అక్కడ దిగాక ఇచ్చేది), ఈ-వీసా (బయల్దేరే ముందే ఆన్‌లైన్లో తీసుకునేది). రెండూ దొరికే దేశమైతే కళ్లు మూసుకుని ఈ-వీసా తీసుకుంటాను. తిరస్కరిస్తే ఇంట్లో ఉండగానే తెలుస్తుంది, విమానం దిగాక కాదు. ఆన్ అరైవల్ నమ్ముకుంటే విమానం ఎక్కించుకునే ముందు ఎయిర్‌లైన్‌ వాళ్లనీ ఒప్పించాలి, ఎందుకంటే సరైన కాగితాల్లేని మనిషిని తీసుకెళ్తే జరిమానా వాళ్లకి పడుతుంది. ఈ-వీసాకీ ఒక మెలిక ఉంది. చాలా దేశాల్లో అది కొన్ని ఎయిర్‌పోర్టులు, కొన్ని సరిహద్దు గేట్లలోనే చెల్లుతుంది. వియత్నాం 2023 ఆగస్టు 15 నుంచి ఈ-వీసాని 90 రోజులకి పెంచింది, సింగిల్, మల్టిపుల్ రెండూ ఇస్తోంది. కానీ ఎక్కడ దిగుతారో ఫారంలోనే రాయాలి. బస్సులో ఏదో ఒక సరిహద్దు దాటేద్దాం అనుకునేవాళ్లు ముందు ఆ జాబితా చూసుకోవాలి.

మధ్యలో విమానం మారడానికి తీసుకునే ట్రాన్సిట్ వీసా చవగ్గా, తేలిగ్గా కనిపిస్తుంది గానీ నేనోసారి దాంతోనే ఇరుక్కున్నాను. రెండు టికెట్లు విడివిడిగా కొన్నాను, కలిపి కొంటే ఖరీదెక్కువని. చెక్-ఇన్ కౌంటర్లో అమ్మాయి బ్యాగుకి ట్యాగ్ చుడుతూ, 'మధ్యలో బ్యాగ్ మీరే తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాలండీ, బయటికి రావడానికి వీసా ఉందా?' అంది. నా దగ్గరున్నది ఎయిర్‌పోర్ట్ ట్రాన్సిట్ మాత్రమే. అది ఇమిగ్రేషన్ గీత దాటనివ్వదు. చివరికి పెద్ద బ్యాగు తమ్ముడికి అప్పగించి, చేతి సంచితో వెళ్లాను. అమెరికా మీదుగా వెళ్తే ఆ ఉపాయమూ పారదు. అక్కడ విమానం మారేవాళ్లు కూడా ఇమిగ్రేషన్ దాటాల్సిందే. సి (ట్రాన్సిట్) వీసాయో, బి వీసాయో ఉండి తీరాలి.

అమెరికా విషయంలో ఇంకోటి. పదేళ్ల వీసా ఉన్నా, ఆ విడత ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94 అనే రాకపోకల రికార్డు. దాన్ని దిగాక ఆఫీసర్ నిర్ణయిస్తాడు. చాలాసార్లు ఆరు నెలలు రాస్తారు, తక్కువ రాయడమూ ఉంది. పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడితే ఆ తేదీకే ఆపేయొచ్చు. ఆన్‌లైన్లో ఐ-94 తీసి, దానిమీద ఉన్న తేదీ చూశాక తిరుగు టికెట్ తేదీ మార్చాలో వద్దో ఆలోచించండి.