ఆనంద్‌టెక్‌కి నా మార్కులు: 5కి 4

ఆనంద్‌టెక్ అంటే కంప్యూటర్ పార్టుల్నీ ఫోన్లనీ కొలిచి రివ్యూలు రాసిన వెబ్‌సైటు. మూతపడిన సైటుకి ఇప్పుడు రివ్యూ ఏమిటని అడగొచ్చు. ఎస్‌ఎస్‌డీనో (ఫైళ్ళు దాచే వేగమైన డ్రైవ్) ప్రాసెసరో కొందామని నాలుగు రివ్యూలు తెరిచి, నాలుగింట్లోనూ కంపెనీ డబ్బా మీది అంకెలే చూసి విసుగెత్తినవాళ్ళ కోసం రాస్తున్నాను. నాది కంప్యూటర్లు బిగించి ఇచ్చే పని. ఏ పార్టు వెయ్యాలో తేల్చుకోవడానికి ఏళ్ళ తరబడి నేను ముందు తెరిచింది ఆనంద్‌టెక్‌నే. చదవడానికి పైసా అడగలేదు, ప్రకటనలు మాత్రం భరించాం.

పెట్టినవాడు ఆనంద్ లాల్ షింపి. 1997 ఏప్రిల్‌లో, అమెరికాలోని నార్త్ కెరొలైనా రాష్ట్రం, రాలీ నగరంలో ఉంటూ, 14 ఏళ్ళ వయసులో, వెబ్ పేజీలు పెట్టుకోనిచ్చే జియోసిటీస్‌లో ఉచితంగా దొరికిన చోటులో మొదలుపెట్టాడు. మొదటి రివ్యూ ఏఎండీ కే6 ప్రాసెసర్ మీద. తరవాత అక్కడే నార్త్ కెరొలైనా స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ ఇంజినీరింగ్ చదివాడు, సైటు నడుపుతూనే. ఆ వయసు గురించి అందరూ నోళ్ళు వెళ్ళబెడతారు గానీ, నన్నడిగితే ఆ వయసు కుర్రాళ్ళకి అభిప్రాయాలకేం కొదవ? ఇతను ముందు కొలిచి, తరవాత మాట్లాడాడు. మిగతా కెరీర్ అంతా దాని మీదే నడిచింది.

అదెలా ఉంటుందో చూడాలంటే 2009 మార్చిలో రాసిన ఎస్‌ఎస్‌డీ వ్యాసం చదవాలి. అప్పట్లో చవకగా దొరికే ఎస్‌ఎస్‌డీల్లో చాలావాటికి జేమైక్రాన్ కంపెనీ కంట్రోలర్ (డ్రైవ్‌లో రాతకోతల్ని నడిపే చిప్) ఉండేది. డబ్బా మీద వేగం బ్రహ్మాండం. మెషీన్‌లో పెట్టాక చాట్ విండోలో ఒక ముక్క కొట్టి ఎంటర్ నొక్కితే కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోయేది. పెద్ద ఫైలు వరసగా రాస్తే వేగానికి లోటుండదు. కానీ విండోస్ రోజంతా రాసేది 4 కేబీ ముక్కలు, అక్కడొకటి ఇక్కడొకటి. ఆ ఒక్కో చిన్న రాతకీ ఆ కంట్రోలర్ ఒక్కోసారి అర సెకను, అంతకంటే ఎక్కువ కూడా తీసుకునేది. పెద్ద ఫైలుతో మాత్రమే కొలిచేవాళ్ళకి ఈ జబ్బు కనపడదు. ఆనంద్ ఆ చిన్న రాతల్నే పట్టుకుని కొలిచాడు.

అక్కడితో ఆగలేదు. వాడిన కొద్దీ డ్రైవ్ ఎందుకు నెమ్మదిస్తుందో కూడా విప్పి చెప్పాడు. ఎస్‌ఎస్‌డీ లోపలి ఫ్లాష్ మెమరీలో రాసేది 4 కేబీ పేజీల్లో. చెరపాలంటే మాత్రం 128 పేజీల బ్లాకు, అంటే 512 కేబీ, మొత్తంగా చెరపాల్సిందే. ఒక్క గది కడగడానికి ఇల్లంతా ఖాళీ చేసినట్టన్నమాట. కాబట్టి కొత్త డ్రైవ్ మీద తీసిన అంకెని నమ్మకుండా, ముందు డ్రైవ్ నిండా రాసి, అది అలిసిపోయాక మళ్ళీ కొలిచాడు. మా కస్టమర్లు వాడేది ఆ అలిసిన డ్రైవే కదా.

ఆ వ్యాసంలోనే ఇంకో ముచ్చట ఉంది. ఓసీజెడ్ అనే కంపెనీ కొత్తగా తెచ్చిన వెర్టెక్స్ డ్రైవ్‌ని ఆయనకి పంపింది. వరస వేగం అదిరింది, చిన్న రాతల్లో మాత్రం తడబడింది. ఆ సంగతి కంపెనీ పెద్దకే చెప్పాడు. డబ్బా మీద వేసే వరస వేగం అంకె తగ్గితే అమ్మకం పోతుందని వాళ్ళ బెంగ. చివరికి వాళ్ళే దిగొచ్చి ఫర్మ్‌వేర్ (డ్రైవ్‌ని లోపల నడిపే సాఫ్ట్‌వేర్) మార్చారు: వరస వేగం కొంత తగ్గింది, చిన్న రాతలు కుదుటపడ్డాయి. మార్కెట్లోకి వచ్చే సరుకునే మార్పించిన రివ్యూలు ఎన్ని ఉంటాయి చెప్పండి!

2013 జూలైలో సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్4 ఫోన్ సంగతి కొలిచి చూపించింది కూడా వీళ్ళే, ఆనంద్, సైటులోనే రాసే బ్రయన్ క్లగ్ కలిసి. ఎక్సినోస్ చిప్ ఉన్న ఫోన్లో గ్రాఫిక్స్ భాగం వేగం కొలిచే కొన్ని బెంచ్‌మార్క్ యాప్‌లు తెరిచినప్పుడు 533 మెగాహెర్ట్జ్‌కి ఎగబాకేది, మామూలు గేముల్లో 480 దాటేది కాదు. పరీక్ష రోజున మాత్రమే తల దువ్వుకొచ్చే పిల్లాడు గుర్తొచ్చాడు నాకు.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది వాళ్ళ ‘బెంచ్’. రెండు ప్రాసెసర్లు ఎంచుకుంటే, ఒకే రకం పరీక్షల్లో రెండింటి అంకెలూ పక్కపక్కన చూపించేది. ‘పాత ఐ5 ప్రాసెసర్ తీసేసి కొత్త ఐ3 వేయించుకుంటే లాభమేనా అన్నా?’ అని అడిగేవాళ్ళు. నేను నోరు పారేసుకోకుండా స్క్రీన్ అటు తిప్పేవాణ్ణి. ‘ఉన్నది ఉంచుకో తమ్ముడూ’ అని అంకెలే చెప్పేవి. ఒక్కోసారి నా బేరం పోయేది కూడా.

ఇక లోపాలు. వ్యాసాలు మహా పొడుగు, పేజీ మీద పేజీ. హడావుడిలో ఉన్నవాళ్ళు చివరి ‘ఫైనల్ వర్డ్స్’ పేజీకి దూకేసేవాళ్ళు, నేనూ దూకిన రోజులున్నాయి. దాన్ని క్షమించొచ్చు. ఆలస్యాన్ని క్షమించలేను. ఎన్విడియా జీటీఎక్స్ 1080 గ్రాఫిక్స్ కార్డు 2016 మేలో అమ్మకానికొస్తే, వీళ్ళ పూర్తి రివ్యూ జూలైలో వచ్చింది. అద్భుతంగా రాశారు, నిజమే. కొనేవాళ్ళు అప్పటికే కొనేశారు.

అప్పటికి ఆనంద్ లేడు. 2014 ఆగస్టు 30న వీడ్కోలు రాసి, ఆపిల్‌లో చేరిపోయాడు. ముందు ఏడాదే ఐఫోన్ 5ఎస్‌లోని ఏ7 చిప్‌ని తెగ మెచ్చుకుంటూ రాసిన మనిషి ఆ చిప్‌లు చేసే ఇంటికే వెళ్ళాడంటే మనసు కాస్త చివుక్కుమంది. ఆ రివ్యూ తిరగేస్తే తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదనుకోండి. 17 ఏళ్ళు చిప్‌లని బయటినుంచి కొలిచినవాడికి లోపలికి వెళ్ళాలనిపించడం సహజమే. పాఠకుడిగా నాకు నష్టం జరిగిందన్నది వేరే లెక్క.

పగ్గాలు రయన్ స్మిత్ తీసుకున్నాడు. ఆ డిసెంబరులోనే సైటు పర్చ్ అనే కంపెనీ చేతికి, 2018లో ఫ్యూచర్ చేతికి వెళ్ళింది. ఆ తరవాత కూడా మంచి సరుకే వచ్చింది: ఆక్స్‌ఫర్డ్‌లో కెమిస్ట్రీ డాక్టరేట్ చేసిన ఇయన్ కట్రెస్ ప్రాసెసర్ల మీద, ఆండ్రె ఫ్రుముసాను ఫోన్ చిప్‌ల మీద రాసినవి ఇప్పటికీ తిరగేస్తుంటాను. 2022 మొదట్లో వాళ్ళూ వెళ్ళిపోయారు. ఆ తరవాత వార్తలే ఎక్కువ, కొలతలు తక్కువ. సైటు తెరవడం నేనూ తగ్గించేశాను. 2024 ఆగస్టు 30న, ఆనంద్ వెళ్ళిన పదేళ్ళకి అదే తారీఖున, మూసేశారు.

ఒక మార్కు కోసింది ఆలస్యానికి. చదవాలనుకుంటే 2009 ఎస్‌ఎస్‌డీ వ్యాసంతో మొదలుపెట్టండి, తరవాత గెలాక్సీ ఎస్4ది, ఆ పైన ఫ్రుముసాను రాసినవి. 2022 తరవాతవి వదిలేసినా పెద్ద నష్టం లేదు. నచ్చినవాటిని మీ దగ్గర సేవ్ చేసి పెట్టుకోండి. పాత వ్యాసాలు అలాగే ఉంచుతామని మూసేటప్పుడు చెప్పారు గానీ, నేనైతే నాకు కావాల్సినవన్నీ పీడీఎఫ్‌లు చేసుకున్నాను.