పెదవులు చదవడమా, సైగలు నేర్వడమా?

పెద్ద వయసులో వినికిడి తగ్గినవాళ్లకు చెవిమిషన్ ఒక్కటే అన్నిచోట్లా సరిపోదు. తోడుగా రెండు దారులున్నాయి.

పెదవులు చదవడంలో సుఖమేమంటే, ఎదుటివాళ్లు కొత్తగా ఏమీ నేర్వనక్కర్లేదు. తిరుపతి గాంధీరోడ్డులో కొట్టాయనతోనూ, బస్సులో కండక్టరుతోనూ పనికొస్తుంది. కానీ ప, బ, మ మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుంటాయి. పాట, బాట, మాట చూపుకు ఒకటే. సందర్భాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే. క, గ నోటి వెనకే పుడతాయి, కనిపించనే కనిపించవు. మీసం గుబురుగా ఉన్నా, బుగ్గలో వక్కాకు ఉన్నా ఇక అంతే. సాయంత్రానికి కళ్లూ బుర్రా అలిసిపోతాయి.

సైగలకు ఈ తంటాలు తక్కువ (చీకటి మాత్రం వాటికీ శత్రువే). బస్టాండు రొదలోనూ, కిటికీ అద్దానికి అవతలి నుంచీ మాట్లాడుకోవచ్చు. భారతీయ సంజ్ఞా భాషలో ప్రశ్న మాట సాధారణంగా వాక్యం చివర్లో వస్తుంది, మన ‘నీ పేరేంది’ లాగే. అక్షరాలకు రెండు చేతులూ వాడతారు. ఒంటిచేతి అమెరికా వీడియోలు చూసి నేర్చుకుంటే ఇక్కడ పనికిరాదు. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021లో 10,000 పదాల నిఘంటువు తెచ్చింది. తిరుపతిలో టీటీడీ బధిర పాఠశాల ఉంది కనుక, సైగలతో మాట్లాడేవాళ్లు ఊరికి కొత్తేమీ కాదు.

చిక్కల్లా ఇంట్లోనే. కోడలో మనవడో కలిసి నేర్వకపోతే సైగ ఎవరికి చెయ్యాలి? అందుకే నన్నడిగితే ముందు ఇంటిల్లిపాదీ నొప్పి, మందు, నీళ్లు, ఆగు, మళ్లీ చెప్పు అనే సైగలతో మొదలుపెట్టాలి. పెదవుల సాధన వీధిలో ఎలాగూ జరుగుతుంది.