హాబిట్ ముందా, లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ముందా?

ఈ రెండు నవలలూ రాసిన ఇంగ్లీషు రచయిత టోల్కీన్‌ని ఎక్కడ మొదలుపెట్టాలని ఈ ఏడాది నన్ను అడిగినవాళ్ళు అరడజను మందైనా ఉంటారు. దాదాపు అందరూ సినిమాలు చూసినవాళ్ళే. మాంత్రికుడు గాండాల్ఫ్ గడ్డం తెలుసు, గాలమ్ గొంతు తెలుసు, ఉంగరం సంగతి సరేసరి. కాబట్టి కథ చెప్పే పని పెట్టుకోను. రెండు పుస్తకాలూ ఇంట్లో ఉండి, ఏది ముందు తెరవాలో తేలక ఆగిపోయినవాళ్ళ కోసమే ఇది. పోయిన వేసవిలో మా అమ్మాయి కోసం నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది.

నా మొదలు మాత్రం ఎవరికీ ఆదర్శం కాదు. డిగ్రీ రోజుల్లో ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రెండో భాగం దొరికింది. మొదటిది లేదు. సరే, దొరికిందే భాగ్యం అని తెచ్చుకున్నాను. తెరవగానే ఒకాయన ఒంటినిండా బాణాలతో చెట్టుకు ఆనుకుని ప్రాణం వదులుతున్నాడు. పోతున్నది ఎవరో తెలియకుండా ఆయన కోసం ఏడవడం నా వల్ల కాలేదు. ఇరవై పేజీలకే అటక ఎక్కించాను. మళ్ళీ టోల్కీన్ జోలికి వెళ్ళడానికి ఆరేడేళ్ళు పట్టింది.

మామూలుగా ఈ పోలిక సైజు దగ్గర మొదలవుతుంది. హాబిట్ 19 అధ్యాయాలు, దాదాపు మూడొందల పేజీలు. రెండోది మూడు సంపుటాలు, 62 అధ్యాయాలు, వెయ్యి పేజీల పైమాటే. చిన్నది ముందు చదివి పెద్దదానికి వెళ్ళమనే సలహా అందుకే పుట్టింది. అందులో తప్పేం లేదు గానీ, సైజు చూసి పుస్తకం ఎంచుకోవడం బరువు చూసి పుచ్చకాయ కొన్నట్టే. లోపల ఎర్రగా ఉందో లేదో దానితో తెలియదు.

హాబిట్ మీద వినిపించే ఫిర్యాదులు చూద్దాం. ఒకటి, డ్రాగన్ కాజేసిన నిధి కోసం బిల్బో అనే హాబిట్‌ని (హాబిట్లంటే పొట్టి మనుషుల్లాంటివాళ్ళు) వెంటబెట్టుకుని బయల్దేరే పదముగ్గురు మరుగుజ్జులు. థోరిన్, బాలిన్, లావుపాటి బాంబర్, ఇంకాస్త కష్టపడితే ఫీలీ, కీలీ. మిగతావాళ్ళలో డోరీ ఎవరో నోరీ ఎవరో పుస్తకం రెండుసార్లు చదివినా నాకు తేలలేదు. రెండు, హీరో అనుకున్న బిల్బో డ్రాగన్‌ని చంపడు. ఆ పని చివర్లో వచ్చిన బార్డ్ అనేవాడు చేస్తాడు. మూడు, అయిదు సైన్యాలు తలపడే పెద్ద యుద్ధం మధ్యలో బిల్బో తలకి రాయి తగిలి స్పృహ తప్పి పడిపోతాడు. లేచేసరికి అంతా అయిపోయి ఉంటుంది. ఇదేం సాహస కథ అని చిరాకు పడేవాళ్ళున్నారు. నాకైతే పుస్తకంలో అన్నిటికంటే నచ్చిన నిజాయితీ అదే. యాభై ఏళ్ళ వయసు, బొద్దుగా, రెండు పూటలా టిఫిన్ తినే మనిషి కత్తి పట్టి డ్రాగన్‌ని నరికి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. నాలుగో ఫిర్యాదుకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. పుస్తకం మొత్తంలో పేరున్న ఆడమనిషి ఒక్కతే, బిల్బో వాళ్ళమ్మ. ఆవిడా కథలోకి రాదు, ప్రస్తావన మాత్రమే.

అన్నిటికన్నా గట్టిగా వినిపించేది మాత్రం "చిన్నపిల్లల గొంతు" అన్న మాట. కథ చెప్పేవాడు మధ్యమధ్యలో ఆగి మనతో మాట్లాడతాడు, మేలమాడతాడు, ముందు జరగబోయేది కాస్త చెప్పి ఊరిస్తాడు. పెద్దయ్యాక చదివేవాళ్ళకు ఇది అడ్డం పడుతుంది. టోల్కీన్‌కే తర్వాత ఆ ధోరణి నచ్చలేదు. 1960లో హాబిట్‌ని పెద్ద పుస్తకం పద్ధతిలో తిరగరాయడం మొదలుపెట్టి, కొన్ని అధ్యాయాలకే వదిలేశాడు. చదివిన ఒకరు బాగుంది గానీ ఇది హాబిట్ కాదు అన్నారట. నేనూ ఆ ఒకరి పక్షమే. ఆ గొంతు కళ్ళతో చదువుకోవడానికి కాదు, పైకి చదవడానికి. రాత్రి పడుకునే ముందు పక్కలో పిల్ల ఉంటే, మధ్యలో ఆగి మాట్లాడే ఆ కథకుడు మీరే అయిపోతారు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఈ పుస్తకం తొలి పాఠకుల్లో ఒకడి గురించి చెప్పాలి. అచ్చుకు ముందు ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ రాతప్రతిని పదేళ్ళ కొడుకు రేనర్‌కి ఇచ్చి అభిప్రాయం రాయమన్నాడు. కూలి ఒక షిల్లింగు. బాగుంది, అయిదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలందరికీ నచ్చుతుంది అని రాసిచ్చాడు వాడు. వాడికి పదేళ్ళు కదా, తొమ్మిది దగ్గర గీత గీశాడు! 1937 సెప్టెంబరు 21న 1500 కాపీలతో వచ్చిన పుస్తకం డిసెంబరుకల్లా అయిపోయింది. ఆ రేనరే పెద్దవాడై అదే సంస్థలో పనిచేస్తూ, 1950ల మొదట్లో లార్డ్ ఆఫ్ ది రింగ్స్ వేస్తే వెయ్యి పౌండ్ల దాకా నష్టం రావచ్చని తండ్రికి రాశాడు. ఇది మేధావి రచన అని నీకు నమ్మకముంటే ఆ వెయ్యీ పోగొట్టుకోవచ్చు అని జవాబు వచ్చింది. హాబిట్ ముందు, పెద్దది తర్వాత, మధ్యలో పెరగడానికి కావలసినంత కాలం. ఆ వరస అందరికంటే బాగా కుదిరింది అతనికే అనిపిస్తుంది నాకు.

పెద్ద పుస్తకం విషయంలో పాఠకులు మొదటి రోజు నుంచే రెండు వర్గాలు. 1954, 55ల్లో మూడు సంపుటాలూ వచ్చాయి. కవి ఆడెన్ ఆకాశానికెత్తాడు, విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ పిల్లల సరుకని ఏకిపారేశాడు. టోల్కీన్ తర్వాతి ముద్రణకి రాసిన ముందుమాటలో దీని గురించి సరదాగా ఒక మాట అన్నాడు. కొందరు లోపమన్న చోటే ఇంకొందరు మెచ్చుకున్నారట, కాబట్టి ఎవరి కోసం ఏం దిద్దాలో తెలియదట. పాఠకులు చెప్పిన ఒక్క లోపాన్ని మాత్రం తనూ ఒప్పుకుంటానన్నాడు, పుస్తకం మరీ చిన్నదైపోయింది అన్నది.

వెయ్యి పేజీల మీద ఆ మాట! ఎల్‌రాండ్ సభ అధ్యాయం చదువుతున్నప్పుడు నాకు ఆ ముందుమాట గుర్తొచ్చి కోపం కూడా వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు లేచి తమ ప్రాంతం సంగతులు నివేదిస్తుంటే మండల సర్వసభ్య సమావేశం మినిట్స్ చదువుతున్నట్టుంటుంది. మొదటిసారి చదివేవాళ్ళు చాలామంది జారిపోయేది అక్కడ, కాదంటే అంతకుముందు టామ్ బాంబడిల్ పాటలు పాడే దగ్గర. ఆ రెండూ దాటితే మోరియా గనుల నుంచి పుస్తకం మిమ్మల్ని వదలదు.

ఇక నా లెక్కలో అసలు తేల్చేది సైజూ కాదు, గొంతూ కాదు. ఉంగరం.

హాబిట్ అయిదో అధ్యాయంలో బిల్బో కొండ లోపల, చీకట్లో దారి తప్పి, చేతులతో నేల తడుముకుంటూ పాకుతుంటాడు. చేతికి చల్లగా ఏదో తగులుతుంది. ఆలోచించకుండా జేబులో వేసుకుంటాడు. అంతే. హాబిట్ మాత్రమే చదివినవాడికి అది మాయమైపోవడానికి పనికొచ్చే వస్తువు, జానపద కథల్లో దొరికే పసరు లాంటిది. సాలీళ్ళ నుంచి తప్పించుకోవడానికి, జైల్లోంచి మరుగుజ్జుల్ని విడిపించడానికి, డ్రాగన్ గుహలోకి దూరడానికి వాడతాడు. ఇంటికి తిరిగొచ్చాక ఎక్కువగా దేనికి వాడతాడో తెలుసా? ఇష్టంలేని చుట్టాలొస్తే కనపడకుండా ఉండటానికి.

తర్వాత పెద్ద పుస్తకం రెండో అధ్యాయంలో గాండాల్ఫ్ ఆ ఉంగరాన్ని బిల్బో వారసుడు ఫ్రోడో ఇంటి పొయ్యిలో పడేస్తాడు. బయటికి తీశాక దాని మీద నిప్పుగీతల్లా అక్షరాలు తేలతాయి, లోకాన్నే లొంగదీసుకోగల దుష్టశక్తి ఉంగరం అదేనని తెలుస్తుంది. హాబిట్ ముందు చదివినవాడికి ఆ క్షణంలో కాళ్ళ కింద నేల కదులుతుంది. చుట్టాల్ని తప్పించుకోవడానికి వాడిన ఆటవస్తువు, అరవై ఏళ్ళు ఆయన జేబులో పడున్నది, ఇదా? ఆ బరువు తెలియాలంటే ముందు దాన్ని తేలిగ్గా మోసి ఉండాలి. వరస తిరగేస్తే ఇది దొరకదు. ఉంగరం సంగతి ముందే తెలిసి హాబిట్‌కి వస్తే అయిదో అధ్యాయంలో మీరు బిల్బో పక్కన ఉండరు, పైనుంచి చూస్తుంటారు.

దీనికో మెలిక ఉంది, దాచను. ఇవాళ మనం కొనే హాబిట్ 1937 నాటిది కాదు. ఆ మొదటి ముద్రణలో ఉంగరం పోగొట్టుకున్న గుహజీవి గాలమ్ ఇంత క్రూరుడు కాడు. బిల్బోతో వేసుకున్న పొడుపు కథల పందెంలో ఓడితే ఉంగరం బహుమతిగా ఇస్తానని వాడే అంటాడు. ఓడి, వెతికి, అది కనపడక క్షమాపణలు చెప్పుకుని, మర్యాదగా బయటికి దారి చూపిస్తాడు! పెద్ద పుస్తకం రాస్తుంటే ఇది అతకలేదు. అంతటి ఉంగరాన్ని ఎవరైనా బహుమతిగా ఇస్తారా? టోల్కీన్ ఆ అధ్యాయాన్ని మార్చి, ఇలా ఉంటే ఎలా ఉంటుందని 1947లో ప్రచురణకర్తకి నమూనాగా పంపాడు. కొన్నేళ్ళకు కొత్త ముద్రణ ప్రూఫులు వస్తే ఆ నమూనా అందులో ఉండటం చూసి ఆయనే ఆశ్చర్యపోయాడు. అలా 1951 ముద్రణ నుంచి కొత్త గాలమ్ స్థిరపడ్డాడు. మరి పాతది? బిల్బో మొదట చెప్పిన అబద్ధం అది అని పెద్ద పుస్తకంలో తేల్చేశాడు. ఉంగరం తన హక్కు అనిపించుకోవడానికి అలా చెప్పాడట. రచయిత చేసిన దిద్దుబాటుని పాత్ర చేసిన తప్పుగా మార్చేయడం! ఇంత దర్జాగా అతుకు వేసినవాళ్ళని నేను చూడలేదు.

కాబట్టి హాబిట్ ముందు చదివినా పూర్తిగా అమాయకమైన పుస్తకం మీ చేతికి రాదు. ఉంగరం పెట్టుకుని ఎవరికీ కనపడకుండా నిలబడ్డ బిల్బో, కత్తి చేతిలో ఉండీ గాలమ్‌ని పొడవలేక జాలిపడి పైనుంచి దూకేసే చోటు ఆ మార్పులో వచ్చిందే. పెద్ద పుస్తకం మొత్తం ఆ జాలి మీద నిలబడుతుంది. ఎలాగో చెప్పను. అయినా నా ఓటు హాబిట్‌కే. ఆ దూకడం మీరు ముందు చూసి, గాండాల్ఫ్ దాని గురించి తర్వాత మాట్లాడాలి.

సినిమాలు చూసినవాళ్ళకి ఈ లాభం సగం పోయినట్టే, ఒప్పుకుంటాను. మిగిలిన సగం కోసమైనా చదవచ్చు. మీకు తెలిసింది ఆ కథకుడికి తెలియదన్నట్టు ఉంటుంది, చుట్టాల దగ్గర మీరు నవ్వాలో భయపడాలో తేలదు. అదొక రుచి.

లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌తో మొదలుపెట్టమని నేను చెప్పేది ఒక రకం పాఠకులకే. ముప్ఫై దాటి, "మీకో సంగతి చెప్పనా" అనే కథకుడంటే ఒళ్ళుమంట ఉన్నవాళ్ళకు. వాళ్ళు హాబిట్ నలభై పేజీలు చదివి, టోల్కీన్ అంటే ఇంతే అని రెండూ మూసేస్తారు. అలాంటివాళ్ళు పెద్దదే నేరుగా పట్టుకోండి. ఒక్క జాగ్రత్త. మొదట ఉన్న ఉపోద్ఘాతం వదిలేసి బిల్బో నూట పదకొండో పుట్టినరోజు పార్టీతో మొదలుపెట్టండి. హాబిట్ల పొగాకు చరిత్రతో పాటు ఉంగరం దొరికిన కథంతా ఆ ఉపోద్ఘాతంలోనే చెప్పేస్తాడు. పాటలు దాటేస్తే ఎవరూ కేసు పెట్టరు.

ఈ రెండు కథలకీ ముందుకాలపు పురాణం లాంటి సిల్మరిలియన్‌తో మొదలుపెడితే అని అడిగేవాళ్ళూ ఉన్నారు. వద్దు. సినిమాల మాటంటారా, మొదటి మూడూ బాగుంటాయి. మూడొందల పేజీల హాబిట్‌ని మళ్ళీ మూడు సినిమాలకు సాగదీయడం నాకు నచ్చలేదు.

మా అమ్మాయి సినిమాలు చూడలేదు. దానికి పదేళ్ళు, రేనర్ వయసు. మే నెలలో రోజుకి ఒక అధ్యాయం, నేను ఇంగ్లీషులో చదివి, అడ్డం పడినచోట తెలుగులో చెప్పేవాణ్ణి. పొడుపు కథల రోజు మాత్రం మొత్తం తెలుగులోనే నడిచింది. ఎర్రటి గుట్ట మీద ముప్ఫై తెల్లగుర్రాలు అనగానే "పళ్ళు" అని అరిచేసింది. నన్నూ వదల్లేదు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు, చెప్పు" అంది. కనురెప్పలు అని తెలిసీ కాసేపు తెలియనట్టు నటించాను. బిల్బో చివర్లో వేసే "నా జేబులో ఏముంది" దగ్గరికి వచ్చేసరికి దానికి కోపం వచ్చింది. అది పొడుపు కథ కాదు, తొండి అంది. అచ్చం గాలమ్ లాగే. తర్వాత వారం రోజులు ఇంటికి ఎవరొచ్చినా గుప్పిట మూసి నా జేబులో ఏముందో చెప్పమని అడగడమే. ఎక్కువసార్లు అరిగిపోయిన రబ్బరు ముక్క.

సంక్రాంతి సెలవుల్లో పెద్ద పుస్తకం తనంతట తనే మొదలుపెట్టింది. రెండో రోజు మధ్యాహ్నం పేజీల మధ్య వేలు పెట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"నాన్నా, బిల్బో జేబులోది ఇదేనా?"

అవునన్నాను.

"మరి ఆయనకి ఎవరూ చెప్పలేదేంటి?" అని అక్కడే గడప మీద కూర్చుని మళ్ళీ చదువుకోవడం మొదలుపెట్టింది.