చేపలు తక్కువే కనపడ్డాయి గానీ మర్యాద మాత్రం గట్టిగా నేర్పారు: స్కూబా కోర్సు, నాలుగు స్టార్లు

ముందే చెప్పేస్తున్నానండి, నేను రొయ్యల చెరువుల మనిషిని, మాది సఖినేటిపల్లి వైపు. నీళ్ళంటే భయం లేదు గానీ నీళ్ళలో కళ్ళు తెరిచి చూసే అలవాటు మాత్రం పుట్టాక లేదు, మా చెరువులో దిగితే మోకాలి కింద ఏముందో దేవుడికే తెలియాలి. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది గోదారి ఎంత ఒండ్రు మోసుకొచ్చి సముద్రంలో కలుపుతుందో, వరదల టైములో అయితే ఇంక చెప్పక్కర్లేదు. సముద్రం పక్కనే పెట్టుకుని కూడా మాకు డైవింగ్, అదే సిలిండర్ గాలితో నీళ్ళ కింద తిరగడం, లేదంటే కారణం అదే, వైజాగ్ పోవాల్సిందే. ఈ సెంటర్ వాళ్ళు చేసిన తెలివైన పని ఏంటంటే మా గోదారి జిల్లాల బ్యాచ్‌కి థియరీ, స్విమ్మింగ్ పూల్ ట్రైనింగ్ కాకినాడలోనే పెట్టేసి సముద్రం డైవులకి మాత్రం రుషికొండ రమ్మన్నారు. నేను, మా బావ, మా తమ్ముడు, అమలాపురం ఫ్రెండ్ ఒకడు, నలుగురం తెల్లారగట్ల బయల్దేరి ఎదుర్లంక బ్రిడ్జి ఎక్కి యానాం మీదుగా వెళ్ళిపోయాం.

సామాను సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తా. నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్లు శుభ్రంగా ఉన్నాయి, కాళ్ళకి తొడిగే ఫిన్‌లు నా పాదానికి సైజు దొరకలేదు, సూట్లు కొంచెం వాసన. ఆ వాసన దేనిదని అడక్కండి, అద్దె సూట్లో ఒంటేలు పోసుకోకూడదన్నది కూడా మర్యాదల్లో ఒకటంట, మాస్టారు క్లాసులో నవ్వకుండా చెప్పాడు. మాస్టారంటే పెద్దాయన అనుకునేరు, వైజాగ్ జాలరి కుర్రాడు, మా తమ్ముడి వయసే ఉంటుంది, కానీ పూల్లో దిగాక అందరం మాస్టారూ అనే పిలిచాం, ఆయ్.

పూల్లో మొదటి గంట మా బావతోనే సరిపోయింది. నీళ్ళ కింద బాగుంది అని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి, బొటనవేలు పైకి లేపితే పైకి పోదాం అని అర్థం. మా బావకేమో పొద్దున్న లేచిన దగ్గర్నుంచి అందరికీ బొటనవేలు ఎత్తి సూపర్ అనడం అలవాటు. మాస్టారు ఎలా ఉంది అని సైగ చేయడం, ఈయన బొటనవేలు లేపడం, మాస్టారు పట్టుకుని పైకి తీసుకురావడం, పైకొచ్చి ఏమైంది సార్ అంటే ఏం కాలేదండీ చాలా బాగుంది అనడం. మూడుసార్లు! నాలుగోసారి లేపబోయి తన వేలు తనే పట్టుకుని కిందకి వంచుకున్నాడు. మాస్టారు ఒక్కసారి కూడా విసుక్కోలేదు, పైకి పోదాం అని ఎవరు సైగ చేసినా ఎందుకు అని నీళ్ళలో అడగకూడదంట, ముందు జాగ్రత్తగా పైకి తేవాలి, మాటలన్నీ పైకొచ్చాకే. ఇది నాకు భలే నచ్చింది.

అసలు ఈ రివ్యూ రాయడానికి కారణమే ఆ మర్యాదల క్లాసు. మిగతా సెంటర్ల గురించి మా వాళ్ళు చెప్పింది వింటే ఎంతసేపూ ఫొటో వస్తుందా వీడియో ఇస్తారా ఇదే గోల, ఇక్కడ మాత్రం రెండు గంటలు కూర్చోబెట్టి మీరు దిగే చోటికి ఇంకో నాలుగు పడవలు వస్తాయి, సముద్రం మీ ఒక్కరిదే కాదు అని మొదలెట్టారు.

పడవ మీద అయితే ప్రాక్టికల్ క్లాసే. సిలిండర్ పదిహేను కేజీలు దాటి ఉంటుంది, దాన్ని నిలబెట్టి వదిలేసి పక్కకి పోతే అల కొట్టినప్పుడు పక్కోడి కాలి మీద పడుద్ది, అందుకని కట్టెయ్యాలి లేదా పడుకోబెట్టాలి. నీ సంచి నీ సీటు కింద, నీ ఫిన్‌లు నీ సంచిలో, దారికి అడ్డం ఏదీ ఉండకూడదు. గోదారి దాటించే నరసాపురం పంటు మీద బైకు అడ్డంగా పెట్టేసి టీ తాగడానికి పోయినోడిని తిట్టుకోని వాళ్ళెవరు మాలో, అదే లెక్క. అలాంటిది మా బావే దొరికాడు మళ్ళీ. మాస్క్ అద్దానికి ఆవిరి పట్టకుండా లోపల ఉమ్మేసి, రుద్ది, నీళ్ళతో కడుక్కోవాలి, ఇది నిజంగా అందరూ చేసేదే. ఈయన ఉమ్మేసి పక్కనున్న తొట్టెలో శుభ్రంగా ముంచేశాడు. అది కెమెరాలు ముంచే మంచినీళ్ళ తొట్టె! దాని యజమాని ఒకాయన హైదరాబాద్ నుంచి వచ్చాడు, కెమెరా విలువ మా రెండెకరాల చెరువు కౌలంత ఉంటుందేమో, మొహం చూడాలి ఆయనది. తాగే బిందెలో కాళ్ళు కడిగినట్టు అయింది. మా బావ వెంటనే సారీ చెప్పి తొట్టె వంపేసి డ్రమ్ములోంచి మళ్ళీ నీళ్ళు పట్టాడు, ఆయన కూడా పెద్దమనిషే, పర్లేదండీ అన్నాడు. అయితే ఒక మాట, తొట్టె మీద కెమెరాలకి అని పెద్దక్షరాలతో తెలుగులో రాసి పెడితే ఏం పోయింది? సెంటర్ వాళ్ళు ఇది చూసుకోవాలి.

దారిలో వలలకి కట్టిన బెండ్లు తేలుతూ కనపడితే పడవ నడిపే ఆయన చుట్టూ తిప్పి తీసుకెళ్ళాడు, పావుగంట ఎక్కువ పట్టింది. మా ఫ్రెండ్ గొణిగాడు గానీ నాకు ముచ్చటేసింది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎలాగూ వేట బంద్, ఉన్న రోజుల్లో వాళ్ళ వల మీద నుంచి మనం సరదాకి పోతే ఎట్టా?

ఇక కింద. ఆరోజు నీళ్ళు అంత తేటగా లేవు, నాలుగైదు మీటర్ల చూపు ఉందేమో, మా చెరువుతో పోలిస్తే అది నాకు అద్దమే. ఒక పెద్ద రాయి పగులులో లయన్‌ఫిష్ ఉంది, ముళ్ళన్నీ విసనకర్రలా విప్పుకుని కదలకుండా. ఆ ముళ్ళకి విషం ఉంటుంది కాబట్టి దూరంగా ఉండమని ముందే చెప్పారు. మాకంటే ముందే అక్కడ ఇంకో పడవ బ్యాచ్ ఉంది. వాళ్ళలో ఒకాయన రాయి మీద మోకాళ్ళు ఆనించి కెమెరా పెట్టాడు, తీస్తాడు తీస్తాడు తీస్తానే ఉంటాడు, లైటు ఆ చేప కళ్ళలోకే. మాస్టారు మమ్మల్ని నాలుగు మీటర్లు వెనకే ఆపేసి చేత్తో ఆగండి అని సైగ చేశాడు. ఆగాం. దాళ్వాలో, అదే రెండో పంటకి, వంతులవారీ నీళ్ళిచ్చేటప్పుడు ఎగువ రైతు తూము దింపకపోతే శివారు రైతు గట్టు మీద కూర్చుని చూస్తాడే, సరిగ్గా అలా వేలాడుతూ చూస్తున్నాం. ఇక్కడ ఇంకో బాధ ఉంది, గట్టు మీద కూర్చున్నోడికి గాలి ఫ్రీ, మాకు సిలిండర్లో ఉన్నదే. వాళ్ళ లీడరు కూడా తక్కువోడు కాదు, రాడ్డుతో సిలిండర్ని టంగు టంగు మని ఒకటే కొట్టుడు. నీళ్ళలో శబ్దం గాల్లో కంటే నాలుగు రెట్లకి పైగా స్పీడుగా పోద్ది, ఏ పక్క నుంచి వస్తుందో చెవికి తెలీదు, దాంతో మూడు బ్యాచ్‌లవాళ్ళం మమ్మల్నేనేమో అని తలలు తిప్పి చూట్టమే. నిజంగా అవసరం వచ్చి ఇంకొకరు కొడితే ఎవడు పట్టించుకుంటాడు అప్పుడు?

చివరికి కెమెరా ఆయన లేచాడు, లేస్తూ సైకిల్ తొక్కినట్టు కాళ్ళు కొట్టాడు చూడండి, అడుగునున్న ఇసకా బురదా మొత్తం లేచిపోయింది, ట్రాక్టరుతో దమ్ము చేసినట్టు. ఆయన ఫిన్ నా మాస్క్‌కి తగిలి కాసిని నీళ్ళు కూడా లోపలికొచ్చాయి. మాస్క్ తుడుచుకునేసరికి చేపా లేదు రాయీ లేదు, మా బావ ఫిన్‌ల పసుపు రంగు ఒక్కటే కనపడుతుంది. పూల్లో మాస్టారు కప్ప ఈత కప్ప ఈత అని ప్రాణం ఎందుకు తీశాడో అప్పుడు అర్థమైంది, కాళ్ళు పక్కలకి తిప్పి వెనక్కి తోస్తే అడుగు కదలదు. బురద సర్దుకునేదాకా ఆగి ఒక్కొక్కరం వంతుగా వెళ్ళి చూసి వచ్చాం, తలా నాలుగు శ్వాసలు, అంతే రూలు. మా తమ్ముడు అక్కడ పడున్న ఒక శంఖం తీసి జేబులో పెట్టబోతే మాస్టారు తిప్పి చూపించాడు, లోపల బుల్లి పీత కాపురం ఉంది. పెట్టేశాడు. పగడాల జోలికి పోతే అది మర్యాద సంగతి కూడా కాదు, చాలా రకాలు 1972 వన్యప్రాణి చట్టం కిందకి వస్తాయి, కేసే.

గాలి సంగతి. సిలిండర్లో గాలి ఒత్తిడి 200 బార్‌తో దిగాం, 50 మిగిలేసరికి పడవ మీద ఉండాలి, ఒక్కరికి తగ్గినా బ్యాచ్ మొత్తం పైకి. బయట ఎంత మాట్లాడతాడో లోపల అంత గాలి పీల్చాడు మా బావ, మా ముగ్గురికీ బోలెడు ఉండగా గాలి ఎంతుందో చూపించే ఆయన గేజీ పడిపోయింది, వచ్చేశాం. పడవెక్కగానే తమ్ముడు నీ వల్లే బావా ఇంకో పది నిమిషాలు ఉండేవాళ్ళం అని మొదలెట్టాడు. మాస్టారు మొదటిసారి గొంతు పెంచాడు. "అలా అనకండి సార్, ఇవాళ ఈయన సిగ్గుపడితే రేపు గేజీ చూపించడు." పడవలో ఎవరూ మాట్లాడలేదు కాసేపు. నా చెరువుల్లో కూడా చచ్చిన రొయ్య కనపడితే కుర్రాళ్ళు నాకు చెప్పడానికి జంకుతారు, నేను అరుస్తానని. ఆ మాట అప్పుడు గుర్తొచ్చింది, ఎందుకో.

ఒక స్టారు ఎందుకు కోశానంటే, పైకొచ్చేటప్పుడు జాగ్రత్త కోసం 5 మీటర్ల లోతు దగ్గర 3 నిమిషాలు ఆగాలి, తాడు పట్టుకుని మేం వేలాడుతుంటే సరిగ్గా అప్పుడే ఈ సెంటర్ వాళ్ళే రెండో బ్యాచ్‌ని అదే తాడు మీద కిందకి దింపారు. ఒక పాప భయపడి తాడు గట్టిగా గుంజింది, మేం అందరం ఒకళ్ళ మీద ఒకళ్ళం. వేరే పడవవాళ్ళకి తెలీదు సరే, రెండు గంటలు క్లాసు పీకిన మీకేమైందండీ? పైకొచ్చి అడిగితే ఓనరు వాదించలేదు, తప్పు మాదే, పది నిమిషాలు ఆపాల్సింది అన్నాడు. రెండో రోజు నిజంగానే ఆపారు, చూశాను.

రేటు రాయట్లేదు, మాకు చెప్పింది నలుగురు కలిసి వచ్చారని తగ్గించిన రేటు. కళ్ళజోడు ఉన్నవాళ్ళు పవర్ మాస్క్ కావాలని ముందే ఫోన్ చేసి చెప్పండి. నీళ్ళలో ఏదైనా మూడో వంతు పెద్దగా కనపడుద్ది కాబట్టి మా బావ చెప్పే చేపల సైజులు నమ్మకండి.

ఇంటికొచ్చి వారం అయింది. నిన్న రాత్రి గట్టు మీంచి చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నాయా అని టార్చి వేసి అడిగితే అవతలి గట్టున మా తమ్ముడు దర్జాగా వేళ్ళు సున్నా చుట్టి చూపించాడు. నా పక్కనున్న చెరువు కాపలా కుర్రాడు అది చూసి, సున్నా అంటే ఒక్కటీ తిరగట్లేదనుకుని, జనరేటర్ దగ్గరికి ఒకటే పరుగు.