బ్యారెల్ రేసింగ్ గుర్రం పోషణ: ఏది ఖర్చుకు తగింది, ఏది కాదు

ఉత్తర టెక్సస్‌లో గుర్రాల సామాను అమ్మే దుకాణానికి వెళ్తే ఒక గోడ పొడవునా కీళ్ళకు, కండరాలకు, కడుపుకు, గిట్టలకు వేర్వేరు పొడుల డబ్బాలు పేర్చి ఉంటాయి. మా అమ్మాయి బ్యారెల్ రేసుల్లో, అంటే గుర్రం మీద పీపాల చుట్టూ తిరిగి వచ్చే పరుగు పందేల్లో, పోటీ చేయడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆ గోడ ముందు నిలబడి లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. ఇద్దరం ఉద్యోగాలు చేసే మధ్యతరగతి ఇల్లు మాది. సొంత పొలం లేదు. డెంటన్ కౌంటీలో వేరొకరి పొలంలో నెల అద్దె కట్టి గుర్రాన్ని ఉంచుతాం. ఇన్నేళ్ళు కొనీ, వాడీ, పక్కన పెట్టీ చూశాక నా తీర్పు ఇది: ఎండుగడ్డి మీద, లాడాలు వేసే ఫారియర్ మీద, కుంటు ఎక్కడి నుంచి వస్తోందో పట్టగల పశువైద్యుల మీద పెట్టిన డబ్బు వృథా పోలేదు. ఆ గోడ మీదున్న వాటిలో చాలా భాగం లేకపోయినా మా జాజుకు ఏ లోటూ రాలేదు.

జాజు ఎర్రటి ఆడ గుర్రం, క్వార్టర్ హార్స్ జాతి. చేసే పని చూస్తే చిన్నదే అనిపిస్తుంది. మూడు పీపాల చుట్టూ మలుపులు తిరిగి గీత దాటి వెనక్కి రావాలి. ప్రామాణిక మైదానంలో మొదటి రెండు పీపాల మధ్య 90 అడుగులు, ఆ రెంటి నుంచి మూడో దానికి 105 అడుగులు దూరం. మంచి గుర్రానికి మొత్తం పని 17 సెకన్లు. కానీ ఆ కాస్త సమయంలోనే పూర్తి వేగంతో పరుగు, గట్టిగా ఆగడం, ఒంటి కాలి మీద బరువు మోపి తిరగడం, మళ్ళీ లంఘించడం మూడు సార్లు జరుగుతాయి. కుడి పీపాతో మొదలుపెడితే ఒక కుడి మలుపు, రెండు ఎడమ మలుపులు. అంటే ఒక పక్క కాళ్ళు ఎప్పుడూ ఎక్కువ భారం మోస్తాయి. ఈ ఆటలో గుర్రాలు ఎక్కువగా దెబ్బ తినేది వెనుక కాళ్ళ మధ్యలో మడతపడే హాక్ కీళ్ళ దగ్గర, ముందు కాళ్ళ గిట్టల లోపల, కాలి వెనుక దిగే స్నాయువుల్లో.

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చినదానికి ఖర్చే లేదు. అది నెమ్మదిగా, తిన్నగా, దూరం నడిపించడం. వారంలో ఎక్కువ రోజులు మా అమ్మాయి పీపాల జోలికే పోదు. ముందు పావుగంట నడక, తరువాత పచ్చికలో పొడవాటి ట్రాట్ (నడకకూ పరుగుకూ మధ్య వేగం), మధ్యలో మళ్ళీ నడక. ఇక్కడ కొండలు లేవు కాబట్టి పశువుల చెరువు గట్టు ఎక్కించి దించుతుంది; వెనుక భాగం బలపడటానికి ఆ గట్టు చాలు. గాలప్, అంటే పూర్తి పరుగు, వారానికి ఒకటి రెండు సార్లు, అదీ కొద్ది సేపు. పీపాల దారి నేర్చేసుకున్న గుర్రానికి దాన్ని రోజూ తిప్పిస్తే వచ్చే లాభం లేదు, కీళ్ళ అరుగుదల మాత్రం మిగులుతుంది. ఇక్కడ తెలుసుకోవలసింది ఒకటుంది. గుండె, కండరాలు కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి. ఎముకలకు, స్నాయువులకు నెలలు పడుతుంది. గుర్రం ఉత్సాహంగా, ఆయాసపడకుండా పరుగెత్తుతోందని పోటీకి తొందరపడే కాలంలోనే స్నాయువులు తెగుతాయి. శీతాకాలం విరామం తరువాత మేము మొదటి పోటీకి వెళ్ళేది నెలల తరబడి ఇలా నడిపించాకే.

గుండె వేగం చూపే ఖరీదైన పరికరాలు ఉన్నాయి. మామూలు స్టెతస్కోప్ ఆ పని చేస్తుంది. గుర్రం ఎడమ ముందు కాలి మోచేయి వెనుక ఆనించి పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడమే. విశ్రాంతిలో గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. కసరత్తు ఆపిన పది పదిహేను నిమిషాలకు 60 కన్నా కిందికి దిగితే శక్తి కుదిరినట్టు. దిగకపోతే ఆ వారం పని పెంచం.

దీని తరువాత చెప్పుకోవలసింది చేత్తో కాళ్ళు తడమడం. ప్రతి రోజూ పొద్దున్నే, జీను వేయకముందే, అదే వరసలో నాలుగు కాళ్ళూ. మోకాలి వెనుక నుంచి అరచేయి కిందికి జారుస్తూ స్నాయువును బొటనవేలికీ వేళ్ళకూ మధ్య పట్టుకుని చూడాలి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది బిగువైన తాడులా, అంచులు స్పష్టంగా తెలుస్తూ, చల్లగా ఉంటుంది. తరువాత గిట్టకు పైనున్న కీలు వెనుక రెండు వేళ్ళు ఆనిస్తే నాడి అందీ అందనట్టు తగులుతుంది. అది దడదడలాడుతూ సులువుగా దొరికితే గిట్ట లోపల ఏదో మంట ఉందని అర్థం. వేడి ఎంత అన్నదానికన్నా ఒక కాలికీ పక్క కాలికీ తేడా ఉందా అన్నదే ముఖ్యం. ఒక ఎండాకాలం ఉదయం మా అమ్మాయి, "అమ్మా, ఎడమ ముందు కాలు కుడిదానికన్నా వెచ్చగా ఉంది, నువ్వూ చూడు" అని పిలిచింది. నడకలో తేడా ఏమీ లేదు. వైద్యురాలు స్కాన్ తీసి స్నాయువు చుట్టూ వాపు మొదలైందన్నారు. చల్లనీళ్ళు, విశ్రాంతి, చేత్తో పట్టుకుని నడిపించడంతో సరిపోయింది. అది చూడకుండా ఇంకో పోటీ పరుగెత్తించి ఉంటే ఏడాది పోయేది.

మేత విషయానికి వస్తే, ఎండుగడ్డిని తూచి వేయడం మొదలుపెట్టాక ఖర్చు తగ్గింది, గుర్రం నిగారింపు పెరిగింది. ఇండియా ప్రయాణాలకు పెట్టెలు 23 కిలోలు దాటాయో లేదో చూసుకునే కొక్కెం త్రాసు ఉంది కదా, గడ్డి వలను దానికే తగిలిస్తాను. రోజుకు ఒంటి బరువులో సుమారు 2 శాతం గడ్డి అందాలి. వెయ్యి పౌండ్ల గుర్రానికి 20 పౌండ్లు. బరువు తెలియాలంటే కుట్టు పెట్టెలోని టేపు చాలు. ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని వర్గం చేసి, ఒంటి పొడవుతో హెచ్చవేసి, 330తో భాగిస్తే పౌండ్లలో బరువు వస్తుంది. ఒంటి పుష్టిని 1 నుంచి 9 వరకు అంకెలతో చూసే పద్ధతి 1983లో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలోనే తయారైంది. జాజును 5 దగ్గర ఉంచుతాం: పక్కటెముకలు కంటికి కనబడకూడదు, వేలికి తగలాలి.

ఇక్కడ చవకగా దొరికేది కోస్టల్ బెర్ముడా గడ్డి. మంచిదే, కానీ మరీ సన్నగా వెంట్రుకల్లా ఉన్నది పేగుల్లో గట్టిపడి శూల తెచ్చే ప్రమాదం ఉంది. కాస్త మోటుగా ఉన్నదే కొంటాను, నీళ్ళు బాగా తాగేలా రోజూ మామూలు ఉప్పు కలుపుతాను. దానికి తోడు కొంచెం అల్ఫాల్ఫా అనే పప్పు జాతి మేత. అందులోని కాల్షియం కడుపులో ఆమ్లాన్ని అణుస్తుంది. పరుగుకు ముందు ఖాళీ కడుపుతో ఉంచకుండా రెండు గుప్పెళ్ళ అల్ఫాల్ఫా తినిపించడం వల్ల కడుపు పుండ్ల బెడద మాకు తగ్గింది. అల్ఫాల్ఫాలో బ్లిస్టర్ బీటిల్ అనే విషపు పురుగు ఎండి కలిసిపోయి ఉండవచ్చు; అది గుర్రాన్ని చంపగలదు. అందుకే మొదటి కోత గడ్డి అడుగుతాను, ప్రతి పొరా విప్పి చూస్తాను. ఫోనులో మా పెద్దమ్మ ఇప్పటికీ "ఉలవలు ఉడికించి పెడుతున్నారా" అని అడుగుతుంది. వాళ్ళ ఊళ్ళో జట్కా గుర్రాలకు అదే దాణా. ఇక్కడ మాకు ఆ చోటు నింపినది నానబెట్టిన బీట్ పల్ప్, అంటే చక్కెర తీసేసిన బీట్ దుంప పిప్పి. పీచు ఎక్కువ, ఒళ్ళు పడుతుంది, ధర భరించగలం.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. ధర తక్కువని పశువుల దాణా గుర్రానికి ఎప్పుడూ వేయవద్దు. అందులో మోనెన్సిన్ అనే మందు కలిసి ఉండవచ్చు. ఆవులకు మేలు చేసే అదే మందు కొద్ది మోతాదులోనే గుర్రం గుండె కండరాన్ని నాశనం చేస్తుంది.

ఫారియర్ దగ్గర పొదుపు లేదు. ఐదారు వారాలకు ఒకసారి వచ్చి తీరాలి. పది వారాలకు లాగితే గిట్ట ముందు భాగం పొడుగై, కాలు ఎత్తిన ప్రతిసారీ వెనుక స్నాయువు మీద లాగుడు పెరుగుతుంది. ఆరంభంలో ఒకసారి గిట్టలకు ఎక్స్‌రే తీయించి ఫారియర్‌కు చూపించాం. నా లెక్కలో ఆ ఖర్చు లాభసాటి బేరం.

పొడుల సంగతి. నోటి ద్వారా ఇచ్చే కీళ్ళ పొడులు పెద్ద డబ్బా తరువాత పెద్ద డబ్బా వాడాను, ఆపాను. నడకలో తేడా కనబడలేదు. వైద్యురాలు రాసిచ్చిన అడిక్వాన్ అనే కీళ్ళ మందు ఇంజెక్షన్ వేరు. కండరానికి ఇస్తారు, నాలుగు రోజులకొకటి చొప్పున ఏడు. ఖర్చు ఉంది, కానీ మలుపుల్లో జాజు బిగుసుకుపోవడం తగ్గింది. పొడులకు ఏడాదంతా పోసే డబ్బు కూడబెట్టి, ఏడాదికి ఒకసారి కీళ్ళు వంచి చూసే పూర్తి కుంటు పరీక్ష చేయించడం మేలు. అందరూ చేయిస్తున్నారని హాక్ కీళ్ళలోకి ఇంజెక్షన్లు మాత్రం చేయించం. ఏ కీలు నొప్పో తేలాకే. నొప్పి అణచే బ్యూట్ ఇచ్చి పరుగెత్తించడం నాకు సమ్మతం కాదు. నొప్పి తెలియని కాలు మీద గుర్రం పూర్తి బరువు వేస్తుంది.

అయస్కాంత దుప్పటి అరువు తెచ్చి వాడాం, కొనాలనిపించలేదు. మంచు తొడుగులు బాగున్నాయి గానీ గొట్టంతో ఇరవై నిమిషాలు చల్లనీళ్ళు పోస్తే దాదాపు అదే ఫలితం. వంద డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో ఒళ్ళంతా చల్లనీళ్ళు ఆపకుండా పోయవచ్చు. కండరాలు పట్టేస్తాయన్న పాత భయం అక్కరలేదు. ముందు కాళ్ళ రక్షణ బూట్లు మాత్రం కొనాల్సిందే. పని అయిన వెంటనే విప్పేయాలి, లోపల వేడి చేరుతుంది. నులిపురుగుల మందు రెండు నెలలకొకసారి గుడ్డిగా వేయడం మానేసి, పేడ పరీక్షలో గుడ్ల లెక్క చూసి వేస్తున్నాం. మందు ఖర్చు తగ్గింది.

శాలలో కట్టి ఉంచడం కన్నా పచ్చికలో తోటి గుర్రాలతో వదిలితే అద్దె తక్కువ. రాత్రంతా నిలబడి ఉండటం వల్ల తెల్లారేసరికి వచ్చే కాళ్ళ వాపు కూడా పోయింది.

బ్యారెల్ రేసుల్లో పేరుమోసిన చార్మేన్ జేమ్స్ తన గుర్రం స్కాంపర్‌ను పశువుల మేపు కేంద్రం నుంచి 1,100 డాలర్లకు కొన్నారని అందరూ చెప్పుకుంటారు. నాకు అంతకన్నా గొప్పగా తోచేది 1984 నుంచి 1993 వరకు వరుసగా పది ప్రపంచ టైటిళ్ళ పాటు ఆ కాళ్ళు నిలవడం. మాది ఆ స్థాయి కాదు. విభాగాల పద్ధతిలో జరిగే పోటీల్లో అందరికన్నా వేగమైన సమయానికి అర సెకను వెనుక రెండో విభాగం, ఒక సెకను వెనుక మూడో విభాగం మొదలవుతాయి. వాటిలోనూ బహుమతి డబ్బు ఉంటుంది. జాజు రెండు, మూడు విభాగాల మధ్య నిలకడగా ఉంటుంది, ఖర్చుల్లో కొంత తిరిగి వస్తుంది.

మైదానానికి చేరగానే మా అమ్మాయి ముందు రెండో పీపా దగ్గరికి నడిచి వెళ్ళి, మడమతో నేలను తవ్వి చూస్తుంది. పైన దుమ్ము, రెండంగుళాల కింద సిమెంటులాంటి గట్టినేల అయితే పేరు వెనక్కి తీసుకుంటుంది. ప్రవేశ రుసుము పోతుంది. ఆ డబ్బు గురించి ఇంట్లో ఎవరం అడగం.