వసంతంలో గాలం వేటకు తీర్థన్ మేలా, పంచేశ్వర్ మేలా?

శివరాత్రి దాటిందంటే హైదరాబాదులోని గాలం మిత్రులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. గైడును వెంటబెట్టుకుని వారం రోజులు నదిలో చేపలు పట్టాలంటే హిమాచల్‌లోని తీర్థన్‌కు వెళ్లాలా, ఉత్తరాఖండ్‌లో సరయూ, మహాకాళి నదులు కలిసే పంచేశ్వర్‌కు వెళ్లాలా అని. రెండు చోట్లా వసంతంలో గాలం వేసినవాడిని. ఈ ఏడాది మార్చిలో మళ్లీ తీర్థన్‌కే వెళ్లి వచ్చాను.

చాలామంది ముందు ప్రయాణం సంగతి చూస్తారు గానీ, అందులో తేడా తక్కువ. రెండింటికీ ఢిల్లీ మీదుగానే వెళ్లాలి. మనాలీ బస్సులో ఔట్ దగ్గర దిగి బంజార్ మీదుగా తీర్థన్ లోయకు, టనక్‌పూర్ దాకా రైలెక్కి లోహాఘాట్ మీదుగా పంచేశ్వర్‌కు చేరవచ్చు. ఎటు వెళ్లినా ఒక రోజంతా కొండదారి తప్పదు.

నా దృష్టిలో తేల్చవలసింది నీటి చల్లదనం. తీర్థన్‌లో దొరికే ట్రౌట్ చల్లని నీటి చేప. నీరు 20 డిగ్రీలు దాటితే నీరసపడి ఎర వంక చూడదు. పంచేశ్వర్‌లోని బంగారు మహాశీర్ అందుకు భిన్నంగా, నీరు వెచ్చబడే కొద్దీ చురుకవుతుంది. రెండు చోట్లా ఆ చల్లదనాన్ని మార్చేది మంచు కరుగు నీరు. పగటి ఎండకు పై కొండల మీద కరిగిన మంచు మధ్యాహ్నం దాటాక కింది లోయకు చేరి, ఉదయం తేటగా ఉన్న ఏటిని సాయంత్రానికి పొంగించి మసకబారుస్తుంది. మార్చిలో ఆ పొంగు కొద్దిగానే ఉంటుంది, ఏప్రిల్ చివరికి బాగా పెరుగుతుంది.

ఈ మార్పును కనిపెట్టగలవాడే గైడు. తీర్థన్‌లో నాతో వచ్చినాయన పొద్దున్నే నీటి అంచున ఒక తెల్లరాయి పెట్టాడు. భోజనమయ్యాక చూస్తే దాని మీద నాలుగు వేళ్ల నీరు నిలిచింది. ఆయన మారు మాట్లాడకుండా గాలం చుట్టించి, పక్క వాగొకటి తేటగా వచ్చి కలిసే చోటికి నడిపించాడు. అక్కడ ఏటి అడుగు రాయి ఒకటి తిప్పి, ఇసుక రేణువులతో గూడు కట్టుకుని దాని కింద అంటుకున్న పురుగులను చూపించి, వాటి రంగుకు దగ్గరగా ఉన్న ఎరను కట్టాడు. నాగార్జునసాగర్ నిలవ నీటిలో బెండు వంక చూస్తూ బొచ్చె కోసం, శీలావతి కోసం గంటలు కూర్చునే మనకు, పారే నీటిని చదవడం నేర్పే బడి ఇదేనని నాకు గట్టిగా అనిపించింది. ఏరు చిన్నది కనుక గైడు పక్కనే ఉండి, గాలం విసిరిన ప్రతిసారీ తప్పు దిద్దగలడు.

పంచేశ్వర్‌ది వేరే స్వభావం. నేపాల్ సరిహద్దుగా పారే మహాకాళి మంచు నీటితో చల్లగా వస్తుంటే, సరయూ అంతకంటే వెచ్చగా వచ్చి కలుస్తుంది. ఆ రెండు నీళ్లు ఒరుసుకునే గీత వెంబడి మహాశీర్ మాటు వేస్తుంది. పడితే గుండె ఆగినంత పని అవుతుంది, పడకపోతే నాలుగు రోజులూ ఖాళీ చేతులే. అంతరించే ప్రమాదమున్న జాతి కాబట్టి పట్టిన చేపను నీటిలోంచి ఎక్కువసేపు పైకి తీయకుండా వదిలేయాలి. చేప నోటి నుంచి తేలిగ్గా ఊడివచ్చే, ఎదురుముల్లు లేని గాలం వాడని గైడుతో నేనైతే వెళ్లను.

ఉగాది ముందు వెనకల వెళ్లగలిగితే తీర్థన్ మేలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మూసి ఉంచే ట్రౌట్ వేట మార్చిలో మొదలవుతుంది. లైసెన్సు మత్స్యశాఖ ఇస్తుంది, లోయ పైనున్న గ్రేట్ హిమాలయన్ జాతీయ పార్కు హద్దులోపల మాత్రం గాలం వేయకూడదు. పిల్లల పరీక్షలయ్యాక మే నెలలోనే వీలవుతుందంటే పంచేశ్వరే సరి.

కావేరి సంగతి కూడా కొందరు అడుగుతారు. దాని ఉపనది కబినిలో 1946లో 120 పౌండ్ల మహాశీర్ పడింది గానీ, కావేరి అభయారణ్యంలోని పాత గాలం శిబిరాల్లో ఆ రోజుల నాటి వేట ఇప్పుడు లేదు. కొడగులో రాగిముద్ద ఎరతో ప్రయత్నించవచ్చు, అనుమతి ముందే తీసుకోవాలి.

ఎక్కడికి వెళ్లినా అడ్వాన్సు పంపే ముందు గైడుకు ఫోన్ చేసి, నిన్న మధ్యాహ్నం మూడు గంటలకు నీరు ఏ రంగులో ఉందో అడగండి. రోజూ ఏటి ఒడ్డున ఉండేవాడు వెంటనే చెబుతాడు.