పాత సున్నపు గోడకు మాటు: సిమెంటా, సున్నమా?

పాత ఇంటికి రంగులు వేయించాలనుకుంటే ముందే రంగు డబ్బా కొనకండి, గోడను వేలి కణుపుతో తట్టి చూడండి. ఠక్కుమంటే పర్లేదు, డొల్లగా మోగిందంటే లోపల గార ఇటుకను వదిలేసినట్టే, అక్కడ పెచ్చు తీయక తప్పదు. ఆ గుంతను దేనితో పూడ్చాలి?

సిమెంటుతో పని తొందరగా అయిపోతుంది. ఏ మేస్త్రీకైనా వచ్చిన పనే, సరుకు వీధి చివరే దొరుకుతుంది. సిమెంటు గోడకైతే నేనూ అదే అంటాను. కానీ డంగు సున్నంతో, అంటే గానుగలో రుబ్బిన సున్నంతో కట్టిన గోడ మెత్తన, చెమ్మ పీల్చుకుని వదులుతూ ఉంటుంది. దాని మీద సిమెంటు మాటు వేస్తే ఆ చెమ్మ బయటికి రాలేక పక్కకు పాకుతుంది. మా తాతగారింట్లో రెండు వానాకాలాలు గడిచేసరికి మాటు అలాగే ఉంది, దాని చుట్టూ ఉన్న పాత గార మాత్రం తెల్లగా ఉప్పు పూసి, గోటితో గీస్తే పిండిలా రాలింది. చూస్తే కడుపు తరుక్కుపోయింది.

సున్నానికి ఓపిక కావాలి. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక కలిపి, దుమ్ము దులిపి తడిపిన గోడకు పొరకు సెంటీమీటరు మించకుండా వేసి, కొన్నాళ్లు తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. తెలిసిన మేస్త్రీ దొరకడమూ కష్టమే. అయినా పాత గోడకు నా ఓటు దీనికే. పైన ఎమల్షన్ రంగు వద్దు, పల్చటి వెల్ల మూడు పూతలు వేయండి. అన్నట్టు, కారే పైపు ఉంటే ముందు అది బాగుచేయించండి, లేకపోతే రెండూ దండగే.